గుర్రం దిగని సేనాని

ఫాదర్ గవెల్‌ను ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. ఏదో ఒక పని పురమాయిస్తారు.

పోలండ్ సేనాధిపతి హీరోనిమ్ బోరెచ్‌కీ శవపేటికను చర్చిలో ఉంచిన రోజు, శిష్యుడు యాచెక్ ఉండబట్టలేక అడిగేశాడు.

"మామూలు రౌతుగా చేరి సేనలన్నిటికీ అధిపతి అయ్యారు. తాతార్లను తరిమారు, స్వీడన్‌వాళ్ళను తరిమారు. ఇంకేం కావాలి ఫాదర్? జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా, కన్నతల్లి కబురు మీద కబురు పెట్టినా, దండు వదిలి ఇంటికి రాలేదేం? అంత కీర్తి పిచ్చా?"

"ఆయన కవచం తొడుక్కో," అన్నారు ఫాదర్. "ఇవాళ స్వారీ నువ్వే చెయ్యి."

ఆ దేశపు పెద్దింటి సేనానుల అంత్యక్రియల్లో అదొక ఆచారం. పోయినవాడి కవచం తొడుక్కుని ఒకడు గుర్రాన్ని నేరుగా చర్చిలోకి దౌడు తీయించాలి. పేటిక ముందు దభాలున కింద పడాలి. అతను పడితేనే పోయినవాడి కొలువు ముగిసినట్టు. అప్పటిదాకా పేటికను సమాధిలోకి దించరు.

పట్టీలు బిగిస్తూ ఒక ముసలి రౌతు నవ్వాడు. "లోపల ఉన్నావట్రా అబ్బీ, లేక ఒట్టి ఇనుమేనా? పడ్డావంటే చర్చి అదిరిపోవాలి!"

తలుపులు తెరుచుకున్నాయి. రాతి నేల మీద డెక్కలు నిప్పులు రాల్చాయి. ఆ కవచం కంటపడగానే రౌతులంతా ఒక్కుమ్మడిగా లేచారు. "బోరెచ్‌కీ! బోరెచ్‌కీ!" కత్తులు ఒరలు దాటాయి. యాచెక్ ఒళ్ళు ఝల్లుమంది. తను చెయ్యెత్తితే చాలు, వీళ్ళు నదులు ఈదేస్తారు, కోటలు ఎక్కేస్తారు! పేటిక ఎదురొచ్చింది, వెనక్కి జారిపోయింది. అతను పడలేదు. గుర్రాన్ని తిప్పి మరో చుట్టు కొట్టాడు. కేకలు ఇంకా పెరిగాయి. మళ్ళీ పేటిక దగ్గరికి వచ్చాడు. కాళ్ళు జీనును కరుచుకునే ఉన్నాయి.

నల్లబట్టల్లో ఉన్న ముసలామె ఎదురొచ్చి కళ్ళెం పట్టుకుంది. ఆమె సేనాని తల్లి.

"నా కొడుకును దించు నాయనా," అంది. "వాడంతట వాడు దిగడు."

యాచెక్ కళ్ళు మూసుకుని పక్కకు ఒరిగిపోయాడు. ఇనుము రాతికి తగిలిన మోతలో కేకలు ఆగిపోయాయి. ఆమె తల ఊపింది. పేటికను ఎత్తారు.

ఆ సాయంత్రం ఫాదర్ అతని కమిలిన భుజానికి తైలం రాస్తున్నారు.

"దిగబుద్ధి కాలేదు ఫాదర్," అన్నాడు యాచెక్ తలెత్తకుండా.

"ఎంతసేపున్నావు గుర్రం మీద?"

"ఎంతసేపని... రెండు చుట్లు."

ఫాదర్ చెయ్యి ఆగింది.

"ఆయన జీవితమంతా ఉన్నారు."