బురుజు చుట్టూ ఐదొందల అంగలు

ముళ్లపంది సుంకులమ్మకు తొమ్మిదేళ్లు. రోజూ బయటికి పోయేముందు బొరియ పైకప్పును ముట్టెతో నొక్కి చూడటం ఆమె అలవాటు. ఆ వేసవిలో ఒకరోజు అలా నొక్కితే వెనక గది సగం కూలింది. పిల్లలిద్దరూ ముందు గదిలో ఉండబట్టి బతికారు. మొగుడు ఓబులేసూ ముందు గదిలోనే ఉన్నాడు. చప్పుడుకి అటు తిరిగి పడుకున్నాడు.

తొలకరికి ఇంకా నెల. ఈలోగా ఎగువన కొత్త గది తవ్వి, గుమ్మం గుట్ట వైపు పెట్టకపోతే వరద లోపలికొచ్చి పిల్లల్ని ముంచేస్తుంది. గుట్ట మీద ఏనాటి రాజులో కట్టి వదిలేసిన బురుజు ఉంది. దాని రాళ్లు తలా ఒకటి పీక్కుపోతున్నారని అడవి సభ ఒక కట్టడి చేసింది. బురుజుకు ఐదొందల అంగల లోపల ఎవరు బొరియ తవ్వినా, గుమ్మం మార్చినా బురుజు అధికారి అనుమతి కావాలి. లేకపోతే తవ్వింది పూడ్చాల్సిందే.

ఆ అధికారి నక్క జంబులయ్య. ఇన్నేళ్లూ తన అంగలతోనే కొలిచేవాడు. ఆ లెక్కన సుంకులమ్మ ఇల్లు వెయ్యి అంగల పైమాటే. అందుకే ఆమె ఎవర్నీ అడక్కుండా పని మొదలుపెట్టింది.

రెండోరోజే జంబులయ్య వచ్చి పని ఆపించాడు. సభకు పెద్ద ఏనుగు ఈరమ్మ కాబట్టి కొలత ఏనుగు అంగలతోనే ఉండాలని, ఆ లెక్కన ఈ ఇల్లు హద్దు లోపలికే వస్తుందని చెప్పాడు. హద్దు పెరిగితే అర్జీలు పెరుగుతాయి. అర్జీలు పెరిగితే అధికారి గుమ్మంలోకి వచ్చే కౌజుపిట్టలూ పెరుగుతాయి. ఆ మాట మాత్రం చెప్పలేదు. గుమ్మం బురుజు కంటికి కనబడకూడదట, మట్టి బురుజు రంగులో కలిసిపోవాలట, లేకపోతే దాని అందం చెడుతుందట. చివరికి, అర్జీ మీద ఓబులేసు కాలిముద్ర కావాలన్నాడు.

"తవ్వేది నేను కదయ్యా" అంది సుంకులమ్మ.

"తవ్వేది ఎవరైతేనేం? ఇల్లు మగవాడిది."

ఓబులేసు ఆవులిస్తూ బయటికొచ్చి, ఆడది తొందరపడిందనీ పెద్దమనసుతో క్షమించమనీ నక్కకు విన్నవించుకున్నాడు. ఇంట్లో కూలింది ఒక గదే అనుకుంటున్న సుంకులమ్మ ఆ మాటతో లెక్క సరిచేసుకుంది.

మూడుసార్లు తిరిగింది. ఒకసారి ముద్ర చెదిరిందన్నాడు. ఒకసారి ఆ కాలు ఓబులేసుదేనని సాక్ష్యం తెమ్మన్నాడు. మూడోసారి అధికారి భోంచేస్తున్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుణ్ణి ఎవరూ అడగనే లేదని సుంకులమ్మకు అప్పుడు తట్టింది. దుంపల కోసం గుట్టకు నాలుగువైపులా తిరుగుతుంది కాబట్టి, ఎవరి ఇల్లు ఎక్కడుందో ఆమెకు తెలుసు.

"అయ్యా, ఈ ఏనుగు అంగల సంగతి మీరే సభలో చెప్పండి. నాలా ఇంకెవరూ తప్పు చేయరు" అంది వినయంగా.

నక్కకు సభలో మాట్లాడటమంటే మహా ఇష్టం. ఏనుగు అంగలతోనే కొలవాలనీ, అనుమతి లేనిది ఎవరిదైనా సరే పూడ్చాలనీ గంటసేపు చెప్పాడు. ఈరమ్మ విని, సరే నడిచి చూద్దామంది. తూర్పున నడిస్తే నాలుగొందల ఎనభయ్యో అంగకు సుంకులమ్మ ఇల్లు వచ్చింది. జంబులయ్య తోక ఊపుకున్నాడు.

"పెద్దమ్మా, హద్దంటే గుండ్రంగా ఉంటుంది కదా. పడమర కూడా నడవమ్మా" అంది సుంకులమ్మ.

"అటెందుకు? అటు నుంచి అర్జీలేమీ రాలేదే" అన్నాడు నక్క. అధికారి కళ్లు అర్జీ వచ్చిన వైపే చూస్తాయి. అర్జీ పెట్టని తన ఇల్లు అటే ఉందని అప్పటికిగాని అతనికి గుర్తు రాలేదు.

ఈరమ్మ నడిచింది. నాలుగొందల అరవయ్యో అంగకు ఆమె కాలు జంబులయ్య కొత్త గుమ్మం ముందు పడింది. నిరుడు తవ్విన ఇల్లది. మూడు గుమ్మాలు, మూడూ బురుజు వైపే.

"అనుమతి ఉందా?" అని అడిగింది ఈరమ్మ.

"నేనే కదమ్మా అధికారిని."

"పోనీ, మీ ఆవిడ కాలిముద్ర ఉందా అయ్యా?" అంది సుంకులమ్మ.

నక్క పెళ్లాం గుమ్మంలోంచి తల బయటపెట్టింది. "నన్నెవరూ అడగలేదమ్మా" అని మళ్లీ లోపలికి పోయింది. కుందేళ్లు నవ్వు ఆపుకోలేకపోయాయి.

జంబులయ్య గొంతు సవరించుకున్నాడు. ఆలోచిస్తే పాత కొలతే మేలని, నక్క అంగలే శాస్త్రీయమని అన్నాడు. ఈరమ్మ సరే పాత కొలతే ఉండనీ అంది. రెండు ఇళ్లూ హద్దు బయటికి వెళ్లిపోయాయి.

"కానీ పొద్దున ఒక కొలత, మధ్యాహ్నం ఒక కొలత చెప్పేవాడు కొలవనక్కర్లేదు. రేపట్నుంచి నువ్వు రాకు" అంది.

జంబులయ్య ఇప్పటికీ దారిన పోయేవాళ్లను ఆపి బురుజు అందం గురించి చెబుతుంటాడు. ఎవరూ ఆగరు.

పక్కవాడి గుమ్మం ముందు గీత గీసేవాడు, అది చుట్టు తిరిగి ఎక్కడ కలుస్తుందో ముందే చూసుకోవాలి.

సుంకులమ్మ తొలకరికి నాలుగు రోజుల ముందే గది పూర్తిచేసి పిల్లలతో అందులోకి మారింది. ఓబులేసును రానివ్వలేదు.