గువ్వలమిట్ట ఎలా కాలింది?

కందూరు రాజు మల్లభూపాలుడికి ఉన్నట్టుండి ఒక తిక్క పుట్టింది. యుద్ధం గెలిచి మూడు నెలలైంది, ఇంకా ఈ జనం ఏడుపులేమిటని ఆయనకు చిరాకు. నిండు సభలో చాటింపు వేయించాడు.

"యుద్ధం ముగిసింది. ఇకమీదట దాని ఊసెత్తినవాళ్ళకి దేశబహిష్కారం!"

ఎంత సులువో చూశారా! గెలిచినవాడికి మరుపు తొందరగానే వస్తుంది లెండి.

దండోరా మోత ఆగకముందే కుమ్మరి ఓబులమ్మ సభలోకి వచ్చి నిలబడింది. ఆమెది గువ్వలమిట్ట. యుద్ధంలో ఆ ఊరు మొత్తం తగలబడింది. పదకొండుమంది పోయారు, వాళ్ళలో ఆమె మొగుడూ ఉన్నాడు.

"సామీ, మా ఊరిని కాల్చింది ఈ దళవాయి దొరే. ఈ రెండు కళ్ళతో చూశా. ఆ మాట మీరు తేల్చండి, అంతే నేనడిగేది," అంది.

సేనకంతా పెద్ద అయిన దళవాయి తిప్పరసు మీసం దువ్వుకుంటూ నవ్వాడు. ఆ మీసానికి రోజూ ఆముదం రాయడానికే ఒక నౌకరు ఉన్నాడంటే మనిషి ఎలాంటివాడో మీరే అనుకోండి.

"ప్రభూ, యుద్ధం నుంచి నేను పంపిన లేఖ చదివించండి," అన్నాడు.

రాజుగారి ఉత్తరాలు రాసేదీ చదివేదీ రాయసం చిట్టెన్న. లేఖ తీసి చదివాడు.

"గువ్వలమిట్ట కాలింది."

"విన్నారా? కాలిందట! గడ్డి ఇళ్ళు, ఎండాకాలం, అంటుకుంది. నిప్పు నా మేనల్లుడా ఏమిటి, నేను చెబితే ఆగడానికి?" అన్నాడు దళవాయి.

రాజుకి ఆ మాట హాయిగా ఉంది. "సరే ఓబులమ్మా, దళవాయి తన నోటితో కాల్చానని అంటే నీకు న్యాయం చేస్తాను. పొద్దు గూకేలోగా అనకపోతే నువ్వు పొలిమేర దాటి పోవాలి," అన్నాడు.

దొంగని నువ్వు దొంగవా అని అడిగితే ఔనన్నవాడు ఏ లోకంలో ఉన్నాడండీ? ఓబులమ్మ స్తంభం పక్కన కూలబడింది. చిట్టెన్నకి కడుపు మండిపోయింది. లేఖని మళ్ళీ ఒకసారి తనలో తాను చదువుకున్నాడు. చదివి, మీసాల్లో చిన్నగా నవ్వుకున్నాడు.

"ప్రభూ, రాతి మీద చెక్కించాల్సిన జయశాసనం చిత్తు సిద్ధంగా ఉంది. తమరు వింటే శిల్పికి పంపుతాను."

"చదువు, చదువు!" అన్నాడు దళవాయి, రాజు కంటే ముందే.

చిట్టెన్న గొంతు సవరించుకున్నాడు. "కందకం పూడింది. కోట తలుపు విరిగింది. గోడ కూలింది. శత్రువు ఓడాడు. శుభం."

దళవాయి ముఖం మాడిపోయింది. "ఏమయ్యా రాయసం! ఇందులో నేనేడీ?"

"తమరా? తమరి లేఖ పద్ధతే పట్టుకున్నానండీ. అన్నీ వాటంతటవే అయ్యాయి."

"వాటంతటవే అవుతాయిటయ్యా? గాలికి కూలడానికి అది కోటగోడ అనుకున్నావా, గుడిసె అనుకున్నావా?"

"అయ్యయ్యో, తప్పు నాదే! రాతి మీద పడితే తరతరాలు చదువుతారు. ఒక్కొక్కటే చదువుతాను, తమరే దిద్దండి." చిట్టెన్న గంటం పట్టుకుని గబగబా అందుకున్నాడు.

"కందకం పూడింది."

"పూడ్చాను!"

"తలుపు విరిగింది."

"విరిచాను!"

"గోడ కూలింది."

"కూల్చాను!" దళవాయి లేచి నిలబడి తొడ చరిచాడు.

"శత్రువు ఓడాడు."

"ఓడించాను!"

"గువ్వలమిట్ట కాలింది."

"కాల్చాను!"

దళవాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకేం లాభం, మాట బయటికి వచ్చేసింది! వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన సభంతా పగలబడి నవ్వింది.

ఓబులమ్మ మాత్రం నవ్వలేదు. "ఇదే సామీ, ఈ మాట కోసమే వచ్చా," అంటూ బావురుమంది. నవ్వులు టక్కున ఆగాయి.

రాజు తల దించుకున్నాడు. దళవాయి నడుమునున్న కత్తి ఊడదీయించి, అతన్ని ఖైదులో వేయించాడు. పోయిన పదకొండుమంది గురించీ పేరుపేరునా నిండు సభలో విచారణ జరగాలనీ, కాలిన ప్రతి ఇల్లూ తన ఖజానా ఖర్చుతో కట్టించాలనీ ఆజ్ఞాపించాడు. తర్వాత మెల్లగా దగ్గాడు.

"చిట్టెన్నా, రాసుకో. ఈమె విషయంలో పొరపాటు జరిగింది."

చిట్టెన్న గంటం కదపలేదు.

"జరిగిందా ప్రభూ?"

రాజు చెవులు ఎర్రబడ్డాయి. "చేశానులేవయ్యా! గోడు వినకుండా తరిమేయబోయాను. పొరపాటు చేశాను. ఆ చాటింపు రద్దు చేశాను. ఇదిగో, ఈ బంగారు కడియం నీకు ఇచ్చాను. చాలా, ఇంకా ఏమైనా దిద్దుతావా?"

సభంతా మళ్ళీ గొల్లుమని నవ్వింది. చిట్టెన్న కడియం తొడుక్కుని, ఒక్క అక్షరమైనా మార్చకుండా రాసుకున్నాడు.