నాలుగో ఇంటి కోణం

ఆ రాజ్యంలో ఎండాకాలం వస్తే, ఒకే వలయం మీదా, దాని లోపలా ఉన్న ఇళ్లకే కాలువ నీళ్లు వదిలేవారు. ఆ వలయానికి నట్టనడుమ తన కోట ఉందని రాజు నమ్మకం. కాదన్నవాళ్లు లేరు.

కోట చుట్టూ నాలుగు ఇళ్లు. మొదటిది కమ్మరిది, రెండోది గానుగ ఆడించేవాళ్లది, మూడోది నేతగాడు కదిరప్పది, నాలుగోది కుండలు చేసే నారమ్మది.

ఆ ఏడు కోట గుమ్మం నుంచి తాడు లాగి కొలిచారు. కమ్మరి ఇంటికి మూడు వందల బారలు వచ్చింది. నారమ్మ ఇంటికి మూడు వందల నలభై. మిగతా రెండిళ్ల జోలికి పోలేదు. నారమ్మ వలయం బయట ఉందని తేల్చి, నీళ్ల వాటా లేని ఇల్లు అక్కడ ఉండకూడదంటూ పొద్దు గుంకేలోగా ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఆ ఇంట్లో నెలలు నిండిన కోడలుంది.

పొలాల గట్లు కొలిచి బతికే ఓబుళమ్మకు ఈ సంగతి తెలిసి కోటకు వెళ్లింది. నాలుగిళ్లూ ఒకే వలయం మీద ఉన్నాయనీ, చూపిస్తాననీ చెప్పింది.

"నా తాడు ముట్టుకోకుండా చూపించు" అన్నాడు రాజు. "తప్పితే నువ్వూ వాళ్లతోపాటే పోవాలి."

అప్పటికే మధ్యాహ్నం దాటింది. ఓబుళమ్మ రెండు వెదురు బద్దలను ఒక కొసన మేకుతో కలిపి కదిరప్ప వాకిట్లో నిలబడింది. ఒక బద్దను కమ్మరి ఇంటివైపు, రెండోదాన్ని గానుగ ఇంటివైపు గురిపెట్టి, వాటి మధ్య కోణం చెదరకుండా నారతో బిగించింది. నారమ్మ వాకిట్లోనూ ఆ రెండిళ్లూ అంతే కోణంలో కనిపిస్తే చాలు, నాలుగూ ఒకే వలయం మీద ఉన్నట్టే. అది ఆమె తండ్రి నేర్పిన లెక్క.

బద్దలను గుండెకు హత్తుకుని నడుస్తుంటే రాజభటుడు వెంటే వచ్చాడు. బరువుగా ఉందేమో, తాను మోస్తానన్నాడు. ఆమె ఇవ్వలేదు. సగం దారిలో రాయి తగిలి తూలింది. నార జారి బద్దలు దగ్గరికి ముడుచుకుపోయాయి.

ఆమె వెనక్కి పరుగెత్తింది. కదిరప్ప తలుపు సగం మూసి ఉంది. భటుణ్ణి చూసి ఆయన జంకుతున్నాడని ఆమెకు అర్థమైంది. బతిమాలే ఓపిక లేక, వాకిట్లో నిలబడి మళ్లీ గురి చూడటం మొదలుపెట్టింది. బద్దలు పట్టుకుంటే ముడి వేయడం కుదరలేదు.

తలుపు తెరుచుకుంది. కదిరప్ప మగ్గం మీది నూలు తెచ్చాడు.

"కదలకుండా పట్టుకో అమ్మా. ముడి నేను వేస్తాను."

వాళ్లు నారమ్మ వాకిలి చేరేసరికి సూర్యుడు చింత కొమ్మల్లోకి దిగాడు. ఓబుళమ్మ మేకును కంటికి ఆనించి ఒక బద్దను కమ్మరి ఇంటి వాసానికి సరిపెట్టింది. తల కదపకుండా చూపు మాత్రం రెండో బద్ద వెంట పంపింది. దాని కొసన సరిగ్గా గానుగ ఇల్లు. భటుడు కూడా వంగి చూశాడు.

రాజుకు కబురు ముందే అందింది. ఆమె వెళ్లేసరికి ఆయన ఒంటరిగా కూర్చుని ఉన్నాడు.

"నాలుగూ ఒకే వలయం మీద ఉంటే, రెండు తాళ్లు సమానంగా ఎందుకు రాలేదు?"

దీనికి జవాబు ప్రాణం మీదికి తేగలదని ఓబుళమ్మకు తెలుసు.

"నడిమి చోటు ఇది కాదు దొరా. నాలుగిళ్లకూ సమాన దూరంలో ఉండే చోటు అటు, నువ్వుల చేలో ఉంది."

"అయితే నేనెక్కడున్నాను?"

"లోపలే ఉన్నారు. మీకూ నీళ్లందుతాయి."

రాజు భటుణ్ణి పిలిచి, నారమ్మ ఇంటికి కాలువ తూము ఎత్తమని చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన చెప్పుల్లేకుండా నువ్వుల చేలోకి నడిచి వెళ్లాడు. అక్కడ నిలబడి నాలుగిళ్ల వైపూ వరసగా తిరిగి చూశాడు. కోటకు వచ్చాక, కాళ్లు కడుక్కోమని చెంబు అందిస్తే వద్దని, మట్టి కాళ్లతోనే లోపలికి వెళ్లాడు.