ఇసుకపురుగు పిల్లలకు సముద్రం దారి

ఒకప్పుడు ఇసుకపురుగులకు సముద్రం ఎటుందో తెలిసేది కాదు.

బియ్యపుగింజంత ప్రాణులవి. తడి ఇసుకలో బతుకుతాయి, మిడతల్లా గెంతుతాయి. ఒంటి తడి ఆరితే చచ్చిపోతాయి. గాలి వాటిని ఎగరేసి పొడి ఇసుకలో పారేసేది. మళ్లీ నీటికి చేరాలంటే దారి ఆ గాలినే అడగాలి. గాలి దండాలు పెట్టించుకుని, పొగిడించుకుని, మనసైతే చెప్పేది. లేకపోతే నవ్వుకుంటూ వెళ్లిపోయేది.

నూకాలు అనే ఒక ఇసుకపురుగు ఉండేది. వాళ్లమ్మ అలాగే పొడి ఇసుకలో ఎండిపోయి చనిపోయింది. దండం పెట్టడం కాస్త ఆలస్యమైందట, అంతే. ఆ రోజే నూకాలు ఇక గాలిని ఏదీ అడగనని చెప్పేసింది. మిగతా పురుగులు భయపడి ఆమెకు దూరం జరిగాయి.

నూకాలు సూర్యుణ్ణి అడిగింది. తాను ఒకచోట నిలవనని, తనను నమ్ముకుంటే దారి తప్పుతావని సూర్యుడు చెప్పాడు.

"నిలవకపోతేనేం, రోజూ ఒకే దారిన నడుస్తావుగా. నీ నడక నేర్చుకుంటాను," అంది నూకాలు.

నేర్చుకుంది. ఆమెది తూర్పు ఒడ్డు. పొద్దున ఎండ ముఖాన పడితే సముద్రం ఎదురుగా ఉన్నట్టు. సాయంత్రం వీపున పడితే అప్పుడూ ఎదురుగానే ఉన్నట్టు. నడిమధ్యాహ్నమే చిక్కు. రెండుసార్లు తప్పుదారిన పోయి, ఒళ్లు మాడి, చావు తప్పి బయటపడింది. నెల తిరిగేసరికి ఏ వేళైనా తడబడకుండా నీటికి చేరేది.

గాలికి ఒళ్లు మండింది. అప్పటికి నూకాలు పొట్టకింద సంచిలో గుడ్లున్నాయి. గాలి ఆమెను విసిరి, సముద్రం కనబడని ఇసుకదిబ్బల అవతల, సరుగుడు తోటలో పడేసింది. నూకాలు కాళ్లు విరిగాయి.

"నువ్విక్కడే పోతావు. నీ చదువూ నీతోనే పోతుంది. నీ పిల్లలు నాకే దండం పెడతారు," అంది గాలి.

"పెట్టరు," అంది నూకాలు.

రాలిన సరుగుడు ఆకుల కింద చెమ్మలోకి పాకింది. మాటల్లో చెబితే పిల్లలు మరిచిపోతారేమోనని, నేర్చుకున్నదంతా తన నెత్తుటిలో కలిపి గుడ్లకు పోసింది. గుడ్లు పగిలే పూటకు ఆమె ప్రాణం పోయింది.

పిల్లలు బయటికొచ్చాయి. ఇసుక కాలుతోంది. దండం పెడితే దారి చెబుతానంది గాలి. సముద్రాన్ని ఎన్నడూ చూడని ఆ పిల్లలు తలెత్తి సూర్యుణ్ణి చూశాయి. దిబ్బ ఎక్కి, దిగి, నేరుగా తడి ఇసుకలోకి గెంతాయి.

అప్పటినుంచే ఇసుకపురుగు పిల్ల ఎవరినీ దారి అడగదు. తూర్పు ఒడ్డు పిల్లకు తూర్పు దారి, పడమటి ఒడ్డు పిల్లకు పడమటి దారి పుట్టుకతోనే తెలుసు. గాలి ఇప్పటికీ వాటిని ఎత్తి పారేస్తూనే ఉంది. అవి ఎండ చూసుకుని తిరిగి వస్తూనే ఉన్నాయి.