డాక్టరుగారి గంట

అంకమ్మరావుకు వచ్చిన చిక్కు ఏమిటంటే, రాగం చేతికి అందుతుంది గాని నిలవదు. సన్నాయి నోట పెట్టుకుంటే మొదటి నాలుగు ఊపులూ బ్రహ్మాండంగా ఉంటాయి. విన్నవాళ్లు ఆహా అనుకుంటూ సర్దుకుని కూర్చుంటారు. వాళ్లింకా కాళ్లు మడుచుకోకముందే ఇతని దగ్గర సరుకు అయిపోతుంది. ఇక ఊదిందే ఊదాలి, లేదా ఆపాలి.

కచేరీలో అయితే ఏదో ఒక కీర్తన ఎత్తుకుని గట్టెక్కవచ్చు. వాళ్ల ఊరి రథోత్సవంలో ఆ వీలు లేదు. రథం గాలిగోపురం దగ్గర కదిలింది మొదలు తేరు వీధి మలుపు తిరిగేదాకా ఒక్క రాగాన్నే ఆలాపించాలని అక్కడి కట్టడి. కీర్తనలన్నీ మలుపు దాటిన తరవాతే. సన్నాయి ఆగితే తాళ్లు పట్టినవాళ్లూ ఆగుతారు. ఎవరు పెట్టారో తెలియదు గాని, ఆ ఊళ్లో దాన్ని ఎవరూ తప్పలేదు.

పోయినేడు తప్పింది. గురువు దస్తగిరి సాహెబుగారు తోడి రాగం మొదలుపెట్టమని శిష్యుణ్ణి ముందుకు తోశారు. రథం సగం వీధి కూడా రాకముందే అంకమ్మరావు తోడి ఖాళీ అయింది. సన్నాయి ఆగింది. తాళ్లు వదులయ్యాయి. జనం మెడలు చాచి చూశారు. అప్పుడు సాహెబుగారు తన సన్నాయి తీసుకుని, శిష్యుడు వదిలేసిన స్వరం మీదనే అందుకున్నారు. గుండె బాగాలేదు, ఊదవద్దని డాక్టరు గట్టిగా చెప్పిన మనిషి ఆయన. అయినా మలుపు దాకా ఊదారు. ఎంత గొప్పగా ఊదారంటే, రథం లాగేవాళ్లు తాము లాగుతున్న సంగతే మరిచిపోయారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మలుపు తిరిగాక ఆయన అక్కడే ఒక అరుగు మీద కూలబడ్డారు.

ఇక ఆయన ఊదలేరు. కొడుకులు లేరు. ఉన్నదల్లా ఈ శిష్యుడే. ఈ యేడు ఇతను నిలబడలేకపోతే పొరుగూరి మేళాన్ని పిలుచుకుంటామని దేవస్థానం వాళ్లు మర్యాదగానే కబురు చేశారు. ముత్తాత నాటి నుంచి సాహెబుగారి ఇంటికి ఉన్న సేవ అది. పోతే మళ్లీ రాదు.

ఉత్సవం దగ్గర పడుతున్నకొద్దీ అంకమ్మరావుకు అన్నం సహించడం మానేసింది. ఒకరోజు పాఠం అయ్యాక గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గురువుగారూ, తోడిలో ఇంకా కొత్త సంగతులు ఉంటే చెప్పండి. మూట పెద్దదయితే గాని నేను అంత దూరం పోలేను."

సాహెబుగారు తమలపాకుకు సున్నం రాసుకుంటున్నారు. ఆ మాట విన్నట్టే లేరు.

"ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుని ఎక్కడికిరా పోతుంటావు?" అని అడిగారు.

"డాక్టరుగారి వరండాలో ఆట ఉంటదండి. రాగాలు కనిపెట్టే ఆట."

"గెలుస్తావా?"

అంకమ్మరావు తల వంచుకున్నాడు గాని మొహం వెలిగిపోయింది. "అందరికంటే ముందు నేనే చెప్తానండి."

"అయితే ఈసారి నేనూ వస్తా," అన్నారు సాహెబుగారు.

ఆ ఆట సంగతి కాస్త చెప్పాలి. హోమియో డాక్టరు భుజంగరావుగారికి వైద్యం వృత్తి, సంగీతం పిచ్చి. ఆదివారం మందుల పెట్టె మూసేసి వరండాలో చాప పరుస్తారు. హైస్కూల్లో లెక్కలు చెప్పే రాజ్యలక్ష్మిగారు వస్తారు. ఆవిడది సన్నని గొంతు, శ్రుతి మాత్రం వెంట్రుకవాసి తప్పదు. బట్టల కొట్టు సుబ్బారాయ గుప్తగారు వస్తారు. ఆయన జాకెట్టు గుడ్డ కొలుస్తూ కూడా కూనిరాగం తీసే మనిషి. రోగుల్ని పిలవడానికి బల్ల మీద ఉండే ఇత్తడి గంటను తెచ్చి చాప మధ్యలో పెడతారు. ఒకరు రాగం పాడాలి. పట్టుకున్నవాళ్లు గంట కొట్టి పేరు చెప్పాలి. గంట మోగగానే పాట ఆగాలి. ఆ తరవాత డాక్టరుగారు చిక్కు ప్రశ్నలు వేస్తారు. ఇది ఏ మేళకర్త రాగంలో పుట్టింది, ఎక్కేటప్పుడు ఏ స్వరాన్ని వదిలేస్తుంది అని. అన్నీ చెప్పినవాడికి బహుమతి డాక్టరుగారి పడక కుర్చీ. ఆట అయ్యేదాకా అందులో దర్జాగా వాలి కూర్చోవచ్చు. నిజం చెప్పొద్దూ, చదువూ డబ్బూ వయసూ ఉన్నవాళ్లు ఒక పాత కుర్చీ కోసం అంత సంబరంగా పోట్లాడుకుంటుంటే చూడ ముచ్చటగా ఉంటుంది.

అంకమ్మరావు వచ్చి చేరాక ఆ కుర్చీ అతనిదే అయింది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. రాజ్యలక్ష్మిగారు ఊపిరి తీసుకోవడం చూసి పేరు చెప్పేస్తాడని డాక్టరుగారు మెచ్చుకునేవారు. గుప్తగారు ఒక్కసారి కూడా గెలవలేదు. ఆయన పట్టుకునేసరికి గంట మోగి, జవాబు వచ్చి, కాఫీ కూడా అయిపోయేది. అయినా ఏ వారమూ మానేవారు కాదు. "ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుని మా ఆవిడకు చెప్పుకోవాలి," అనేవారు.

ఆదివారం సాహెబుగారు వరండా మెట్లు ఎక్కుతుంటే అందరూ గబగబా లేచారు. అంకమ్మరావు అయితే అప్పటికే గెలుచుకున్న పడక కుర్చీలోంచి ఎగిరి దూకినంత పని చేశాడు.

"ఊదడానికి రాలేదు గదా?" అన్నారు డాక్టరుగారు అనుమానంగా.

"ఊదనండి. నోటితో పాడితే మీ వైద్యానికేం అడ్డం లేదు గదా."

డాక్టరుగారు నవ్వి, గోడకు దిండు వేసి కూర్చోబెట్టారు. అంత విద్వాంసుడు తమ ఆటకు రాగాలు పాడతానని వస్తే ఎవరికి ఆనందంగా ఉండదు? రాజ్యలక్ష్మిగారు శ్రుతిపెట్టె దగ్గరికి లాక్కున్నారు. గుప్తగారు కళ్లజోడు తుడుచుకున్నారు, చెవులతో వినేదానికి కళ్లజోడు ఎందుకో మరి.

సాహెబుగారు ఎత్తుకున్నారు. గొంతులో జీర ఉంది గాని, మొదటి స్వరంతోనే వరండా అంతా సద్దుమణిగింది. ఆయన రెండో ఊపు అందుకునేలోపే గంట మోగింది.

"బిలహరి," అన్నాడు అంకమ్మరావు. "శంకరాభరణంలో పుట్టిందండి. ఎక్కేటప్పుడు మధ్యమం, నిషాదం ఉండవు."

సాహెబుగారు ఆపేశారు. సరే అన్నట్టు తలూపి ఇంకొకటి ఎత్తుకున్నారు. గంట మోగింది. బేగడ. ఆపేశారు. మరొకటి ఎత్తుకున్నారు. ఈసారి ఇంకా తొందరగా మోగింది. సహాన. ఆపేశారు. గురువుగారి ముందు గెలవడం అంకమ్మరావుకు తేనె తాగినట్టుంది. తల తిప్పి ఆయన మొహంలోకి చూశాడు, మెచ్చుకుంటారేమోనని. ఆయన గుప్తగారిని చూస్తున్నారు.

"ఎట్లా ఉందండీ గుప్తగారూ?"

గుప్తగారు మొహమాటపడ్డారు. "అబ్బాయి చాలా తెలివైనవాడు సాహెబుగారూ, కాదనను. నాకు మాత్రం వడ్డించిన అన్నం కలుపుకునేలోపు విస్తరి లాగేసినట్టుంది."

సాహెబుగారు వంగి, శిష్యుడి ముందున్న గంటను తీసి గుప్తగారి చాప అంచున పెట్టారు.

"ఈ ఒక్క రాగానికీ ఈయన ఒక్కరే కొట్టాలి," అన్నారు.

తరవాత కళ్లు మూసుకుని మొదలుపెట్టారు.

మొదటి ఊపులోనే అంకమ్మరావుకు తెలిసిపోయింది. తోడి. అలవాటు కొద్దీ చెయ్యి ముందుకు పోయింది, అక్కడ గంట లేదు. తన రథాన్ని వీధి మధ్యలో నిలబెట్టిన రాగం అది. గురువుగారు కావాలనే ఎత్తుకున్నారని అర్థమై చెవులు వేడెక్కాయి. గుప్తగారు తొందరగా కొట్టేస్తే బాగుండును అనుకున్నాడు. ఆయనేమో కనుబొమలు ముడివేసుకుని అటూ ఇటూ ఊగుతున్నారు. చిన్నపిల్లలకు కూడా తెలిసే తోడిని పట్టుకోలేక ఇంత అవస్థా అని విసుగు వచ్చింది.

సాహెబుగారు గాంధారం మీద ఉన్నారు. అక్కడే ఉన్నారు. దాన్ని కింది నుంచి వచ్చి తాకారు, పై నుంచి వాలి తాకారు, తాకీ తాకకుండా వదిలేశారు. పంచమానికి వెళ్తారని అంకమ్మరావు ఎదురుచూశాడు. వెళ్లలేదు. ఈపాటికి తనైతే పై షడ్జం దాకా పరిగెత్తి తిరిగి వచ్చేసి ఉండేవాడు. ఏమీ తోచక, పేరు చెప్పే పని కూడా లేక, ఊరికే వినసాగాడు.

అందులో తనకు తెలియని సంగతి ఒక్కటీ లేదు. అదే విచిత్రం. అన్నీ ఆయన తనకు చెప్పినవే, తను రోజూ ఊదేవే. కానీ ఒక సంగతి పూర్తి కాకుండానే ఇంకోదానికి పోవడం అనేది ఆయన దగ్గర లేదు. ఎరిగిన ఇంట్లో ఎరగని గది తలుపు ఎవరో తెరిచి చూపిస్తున్నట్టుంది. ఆ గదిలోంచి ఇంకో గది. ఇన్నేళ్లూ తను ఆ ఇంటి గడపలో నిలబడి, ఇల్లు చూసేశానని చెప్పుకుంటున్నాడన్నమాట.

రాజ్యలక్ష్మిగారు కొంగు కళ్లకు అద్దుకున్నారు. ఎవరో ఆడమనిషి పిల్లవాడి జలుబుకు మందు కోసం వచ్చి, మెట్టు మీద కూర్చుండిపోయింది. డాక్టరుగారు ఆమెను చూసి కూడా లేవలేదు. గుప్తగారి చెయ్యి ఒకసారి గంట మీదికి వెళ్లింది. ఆయన కొట్టకపోతే బాగుండును అనుకున్నాడు అంకమ్మరావు ఈసారి. ఆ చెయ్యి గంట మీద కాసేపు ఆగి, వెనక్కి వచ్చి ఒళ్లో పడుకుంది.

చివరికి సాహెబుగారే దిగి వచ్చి, షడ్జం మీద నిలిచి, ఆపారు.

కాసేపటికి డాక్టరుగారు తేరుకుని, "ఏమండీ గుప్తగారూ, ఇంతసేపు విని కూడా పట్టుకోలేకపోయారా? తోడి గదండీ," అన్నారు.

"మొదట్లో ధన్యాసేమో అనుకున్నానండి. తరవాత తోడేనని తేలిపోయింది."

"మరి కొట్టలేదేం? కుర్చీ మీదయ్యేదిగా."

గుప్తగారు తప్పు చేసి దొరికిపోయినవాడిలా నవ్వారు. "కొడితే ఆపేస్తారు గదండీ."

సాహెబుగారు దిండు మీద చెయ్యి ఆన్చి నెమ్మదిగా లేచారు. ఎన్నో సభల్లో శాలువాలు కప్పించుకున్న మనిషి, ఆ బట్టల కొట్టు ఆయన ముందుకు వెళ్లి రెండు చేతులూ జోడించారు. గుప్తగారు కంగారుపడి ఆ చేతులు పట్టుకున్నారు. ఆ రోజు పడక కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, ఎవరికీ అది గుర్తు కూడా రాలేదు.

ఇంటికి వెళ్తూ దారిలో సాహెబుగారు ఆయాసం తీర్చుకోవడానికి ఒక అరుగు మీద ఆగారు. అంకమ్మరావు పక్కన నిలబడ్డాడు.

"ఏరా, ఇందాక నేను పాడింది ఏం రాగం?" అన్నారు సాహెబుగారు.

అంకమ్మరావు నోరు తెరిచాడు. పేరు నాలుక చివరే ఉంది. దాన్ని అక్కడే ఆపుకున్నాడు.

"ఇంకా తెలియలేదండి," అన్నాడు.

సాహెబుగారు శిష్యుడి భుజం పట్టుకుని లేచారు.

"అయితే ఈ యేడు రథం మలుపు తిరిగిద్ది. పద."