జాడలు లేవు

మారేడుమిల్లి అడవిలో సీతాకోకచిలుకల అలవాట్లు గమనించి రాసే పనిలో గురునాథం అనే ఒకతను ఉండేవాడు. చూడనిదాన్ని చూసినట్టు రాయడం అతనికున్న చెడ్డ గుణం.

అతనూ, అతనితో పనిచేసే హైమవతీ గమనించేది ఎండుటాకు సీతాకోకచిలుకను. రెక్కలు విప్పితే నీలం, నారింజ రంగులు. మూస్తే ఈనెతో సహా అచ్చం ఎండుటాకే. వాగు పక్కన పనసచెట్టు కింద రాలి కుళ్ళిన పండ్ల రసం తాగడానికి అది పొద్దున్నే వచ్చేది. గమనించేవాళ్ళు రెండు గంటలు మెదలకుండా కూర్చుని, ఎన్ని వచ్చాయో, ఎలా వాలాయో పుస్తకంలో రాయాలి. పేజీ అడుగున ‘జంతువుల జాడలు’ అని ఒక గడి ఉండేది. అదీ నింపాలి. ఒక వారం గురునాథం వంతు, ఒక వారం హైమవతి వంతు.

మొదటి రోజు గురునాథాన్ని చీమలు కుట్టాయి. రెండో రోజు నుంచి అతను చెట్టు దాకా పోలేదు. దారి మలుపులో కల్వర్టు మీద కూర్చుని, మొదటి రోజు రాసినదాన్నే అటూ ఇటూ మార్చి రాసేవాడు. గడిలో మాత్రం ఒకటే మాట. ‘జాడలు లేవు.’

తన వంతు వచ్చిన రోజు పొద్దున్నే బస దగ్గర హైమవతి ఆ పుస్తకం చదివింది.

“వారమంతా రోజుకి మూడేనా అన్నా వచ్చినవి? ఒక్కటైనా నాగా పెట్టలేదా?” అంది నవ్వుతూ.

“అవి నీలాంటివి కావు. టైముకొస్తాయి” అన్నాడు గురునాథం.

“జంతువుల జాడలు లేవని రాశావుగా. అయితే చెట్టుకి దగ్గరగా కూర్చుంటాను” అని ఆమె వెళ్ళిపోయింది.

అరగంటకి పండురెడ్డి టీ గ్లాసుతో వచ్చాడు. అడవిలో వాళ్ళకి దారి చూపే పెద్దాయన అతను.

“పాప ఏది?”

“పనసచెట్టు దగ్గరికి పోయింది.”

పండురెడ్డి గ్లాసు కింద పెట్టేశాడు. “నాలుగు రోజులై అక్కడికి తల్లి ఎలుగుబంటి పిల్లనేసుకుని వస్తోంది. చెట్టు మొదలు అవతలి వైపంతా గోళ్ళతో చీరేసింది. రోజూ పోతున్నావు, నీకు తెలుసనుకున్నాను. పాపకి చెప్పలేదా?”

“నేను పోలేదు” అన్నాడు గురునాథం.

పెద్దాయన తిట్టలేదు. “లే. దారిలో నోరెత్తకు. అరిస్తే అది పాప మీద పడుతుంది.”

కాలి కింద ఆకు చప్పుడైనప్పుడల్లా గురునాథం ఆగి, మళ్ళీ అడుగేశాడు. వాగు దాటగానే పండురెడ్డి చెయ్యి అడ్డం పెట్టాడు.

హైమవతి చెట్టుకి పది అడుగుల దూరంలో కూర్చుని ఉంది. చెట్టుకి అవతల ఎలుగు పండు చీలుస్తోంది. పిల్ల తల్లికీ హైమవతికీ మధ్యకి వచ్చి మట్టి వాసన చూస్తోంది. మాను మీద ఒక సీతాకోకచిలుక రెక్కలు మూసి, తల కిందికి పెట్టి, ఎండుటాకై పోయింది. హైమవతీ అలాగే ఉంది.

ఎలుగు వెనక కాళ్ళ మీద లేచింది. ముక్కు ఇటు తిప్పింది. గురునాథం పాదాలకి చీమలు పట్టాయి. అతను కదల్లేదు. తన కాలు కదిలితే పోయేది ఆమె ప్రాణం.

ఎంతసేపటికో ఎలుగు ముందుకాళ్ళు దించింది. పిల్లని వెంటబెట్టుకుని పొదల్లోకి పోయింది.

పండురెడ్డి హైమవతిని లేపి నిలబెట్టాడు. ఆమె మానుకి అవతలి వైపు గోళ్ళ గీతలు చూసింది. కొన్నిటి మీద చెట్టు పాలు కారి, ఎండి, నల్లబడి ఉన్నాయి.

“ఇవి ఇవాళ్టివి కావు” అంది.

“నేను రాలేదమ్మా” అన్నాడు గురునాథం.

ఆమె పుస్తకం అతని చేతికిచ్చింది. “నువ్వు రాసినవి నువ్వే చింపు.”

అతను చింపాడు. ఆ తర్వాత ఏ రోజూ చెట్టు దగ్గరికి పోవడం మానలేదు, చూడనిది రాయలేదు. అయినా హైమవతి తన వంతు వచ్చినప్పుడు అతని పేజీ తెరిచేది కాదు. పండురెడ్డి ముందుగా వెళ్ళి చూసి వచ్చాకే కదిలేది.

చూడనిదాన్ని చూసినట్టు రాసేవాడు తన పని ఒక్కటే చెడగొట్టుకోడు, ఆ రాతను నమ్మినవాళ్ళ ప్రాణాన్ని ప్రమాదంలోకి తోస్తాడు.