మూడు గంటల జవాబు

"హెప్సిబమ్మా... ఓ హెప్సిబమ్మా..."

పిలుపు చర్చి మెట్ల దగ్గర్నుంచి. లోపల ఆదివారం పాటల్ని తెరమీదికి ఎక్కిస్తున్న హెప్సిబా చెయ్యి ఆగిపోయింది. అది దానమ్మ గొంతు. దానమ్మ భర్త వేటకెళ్ళిన బోటు నిన్న సాయంత్రమే ఒడ్డుకు రావాలి. రాలేదు. తెల్లారేసరికి ఆ సంగతి పేటంతా పాకింది.

దానమ్మ చెప్పులు విడిచి లోపలికొచ్చింది. చేతిలో మడతపెట్టిన చిన్న బొంత.

"మూడింటికి మా పిల్ల చేత ఫోన్లో విన్నపం పెట్టించాను తల్లీ. పెట్టీ పెట్టకముందే నీ జవాబొచ్చింది. ఆ వేళప్పుడు కూడా మోకాళ్ళ మీదున్నావన్నమాట. గచ్చు చల్లగా ఉంటది, ఇది వేసుకో."

"ఎప్పుడు కుట్టావత్తా?"

"నిద్రెక్కడ పడద్ది? తెల్లారేదాకా కుడతానే ఉన్నా. మా మావ లుంగీ ముక్క కూడా ఉంది ఇందులో." దానమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "కానీ భయమెయ్యలేదు. నువ్వు మేలుకునున్నావు కదా అనుకున్నా."

బొంత హెప్సిబా చేతిలో పెట్టి, వెళ్ళి మెట్లమీద కూర్చుంది. అక్కడినుంచి సముద్రం కనిపిస్తుంది.

హెప్సిబా బొంతని బెంచీమీద పెట్టి ఫోను తీసింది.

బైబిలు చదువు ముగించుకుని సేవ నేర్చుకోవడానికి ఈ చర్చి పాస్టరు కరుణాకరం అయ్యగారి దగ్గరికొచ్చి ఇంకా ఆరునెలలు కాలేదు. వచ్చిన కొత్తలో విన్నపాలకి ఇక్కడొక రేకు డబ్బా ఉండేది. ఎవరి కష్టం వాళ్ళు చీటీమీద రాసి వేసేవాళ్ళు. ప్రతి శుక్రవారం అయ్యగారు ఒక్కో చీటీ తీసి, ప్రార్థించి, దాని మూల మడిచేవారు. మూల మడిస్తే ఆ ప్రార్థన అయినట్టు. "శుక్రవారం దాకా ఆగడమెందుకు అయ్యగారూ, ఫోనుంది కదా," అని నవ్వింది హెప్సిబా. "సరేనమ్మా, నీకు తెలిసిన విద్య," అన్నారాయన.

విన్నపం పంపినవాళ్ళకి వెళ్ళే జవాబు బొమ్మని ఎంత ఇష్టంగా చేసిందో. లేతనీలం ఆకాశం, ఎగిరే పావురం, వెనక సన్నగా వేణువు, బంగారు అక్షరాల్లో 'మీ పేరెత్తి ఇప్పుడే ప్రార్థించాము'. మొదటిసారి చూసుకుని తనకే కళ్ళు చెమర్చాయి. పదిరోజులు నిజంగానే మోకరించింది. తర్వాత పక్క ఊళ్ళనుంచి కూడా విన్నపాలు రావడం మొదలైంది, రోజుకి డెబ్భై, ఎనభై. ఒకరోజు ఫోను తనంతట తానే జవాబిచ్చేట్టు పెట్టేసింది. సాయంత్రం అన్నీ చదువుదాంలే అనుకుంది. సాయంత్రం పాటల వెనక పెట్టే బొమ్మల పనుండేది. ఆ మర్నాడూ ఉండేది.

ఇప్పుడు ఆ ఫోనులో వెతికింది. తెరవని వందల విన్నపాల నడుమ ఉంది దానమ్మది. 'బోటు రాలేదు. గాలి ఎక్కువుంది. మా మావ కోసం.' దాని కింద పావురం.

బయట గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది.

"ఏంటమ్మా, అలా ఉన్నావు?" అయ్యగారు పక్క తలుపులోంచి వచ్చారు.

చెప్పేద్దామనుకుంది. వేరే మాట వచ్చింది. "అయ్యగారూ, యంత్రాలతో చేసే సేవ దేవుడికి ఇష్టమేనా?"

"మైకు లేకపోతే నా గొంతు మూడో బెంచీ దాటదు. ఇష్టం కాకపోతే నా గతేంటి?" నవ్వి, బొంత చేతిలోకి తీసుకున్నారు. కుట్టుమీద వేలు పెట్టి చూశారు. "ఎవరిది?"

"దానమ్మత్త ఇచ్చింది. మోకాళ్ళ కింద వేసుకోమని."

"ఎవర్ని?"

హెప్సిబా చేతిలోని ఫోను వైపు చూసుకుంది.

అయ్యగారు వెళ్ళి ప్రభువు బల్ల ముందు ఆ బొంత పరిచారు. ముడతలు లేకుండా సర్దారు. వెనక్కొచ్చి, ఆమె చేతిలోని ఫోను మెల్లగా తీసుకుని, తీసుకెళ్ళి బొంత నడుమ పడుకోబెట్టారు.

"మొన్న నేనూ ఒకటి పంపానమ్మా. నువ్వప్పుడు నా ఎదురుగా కూచుని ఇడ్లీ తింటున్నావు. చట్నీ అడిగావు కూడా. ఈలోపే జవాబొచ్చేసింది."

అంతలో బొంతమీద ఫోను వెలిగింది. ఎవరిదో విన్నపం. టింగుమంది. పావురం ఎగిరింది. ఇద్దరూ నిలబడి చూశారు.

అయ్యగారు బెంచీ అంచు పట్టుకుని, నొప్పికి పళ్ళు బిగించి, ఫోను పక్కనే వట్టి గచ్చుమీద మోకరించారు. కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరిచారు.

"దానమ్మ భర్త పేరేంటమ్మా?"

హెప్సిబా నోరు తెరిచింది. పేరు రాలేదు. ఎక్కడినుంచి వస్తుంది?

అయ్యగారు మళ్ళీ కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు.

ఆమె బయటికి నడిచింది. మెట్లు నాలుగే, దిగుతుంటే ఎంతకీ తరగడం లేదు. ఆకాశం బూడిదరంగులో ఉంది, కెరటాల మీద ఎక్కడా తెరచాప లేదు. అడుగుల చప్పుడుకి దానమ్మ తిరిగి చూసింది.

"బోటు సంగతేమన్నా తెలిసిందా తల్లీ?"

"లేదత్తా." పక్కనే కూర్చుంది. దానమ్మ చెయ్యి పట్టుకుంది. సూది గుచ్చుకున్న వేళ్ళు గరుగ్గా తగిలాయి.

"మావయ్య పేరేంటత్తా?"

దానమ్మ అర్థంకానట్టు చూసింది. "అదేంటి తల్లీ, రాత్రి..."

"రాత్రి మూడింటికి నేను నిద్రపోతున్నానత్తా. నీకు జవాబిచ్చింది ఫోను. నేను ప్రార్థన చెయ్యలేదు."